నడిదారి ఊరికి శోకగీతి

మ్టీటో అండేయ్! నీ పేరును ఏ బడిలోనూ పిల్లలు వల్లె వేయరు. నిన్ను చూడాలని ఎవరూ ఇల్లు కదలరు. నైరోబీలో బయల్దేరినవాడికి మొంబాసా కావాలి, మొంబాసాలో మూట కట్టినవాడికి నైరోబీ కావాలి. కెన్యా రాజధానికీ హిందూ మహాసముద్రానికీ నడుమ దాదాపు అయిదువందల కిలోమీటర్లు సాగిన ఆ నల్లటి దారికి ఇంచుమించు నట్టనడుమ నువ్వు కూర్చున్నావు. అందరి ఆకలికీ నువ్వు గుర్తొస్తావు, ఎవరి ఆశకూ గుర్తు రావు. అందరూ నీ గడప తొక్కినవాళ్ళే, నీ నట్టింట కూర్చున్నవాడు మాత్రం లేడు.

మహానగరాలు కూలితే కావ్యాలు పుడతాయి. హంపీ రాళ్ళ మీద వాలి మన కవులు గుండెలు బాదుకున్నారు, ఓరుగల్లు తోరణాల కింద నిలబడి నిట్టూర్చారు. కోట ఉండాలి, కొలువు ఉండాలి, ఏనుగులు తిరిగిన వీధులు ఉండాలి. అప్పుడే కన్నీటికి ఛందస్సు దొరుకుతుంది కాబోలు. కోట లేని ఊరు, రాజు పుట్టని ఊరు, చరిత్రలో పోయడానికి గుప్పెడు నెత్తురైనా తనదంటూ లేని ఊరు, చప్పుడు లేకుండా ఒక్కో దీపమే ఆర్పుకుంటూ పోతే ఆ ఊరి కోసం ఎవరు ఏడవాలి? మ్టీటో అండేయ్, ఈ నాలుగు మాటలూ నీకు రావలసిన ఏడుపులో నా వంతు.

*

నేనూ నీకోసం రాలేదు. సముద్రం కోసం బయల్దేరిన రాత్రి బస్సు నీ పొలిమేరలో పొగ కక్కి, దగ్గి, మొరాయించింది. డ్రైవరు బానెట్ ఎత్తి చూసి చేతులు దులుపుకున్నాడు. తెల్లవారితే గాని వేరే బండి రాదన్నారు. తోటి ప్రయాణికులు కొందరు దారిన పోయే బస్సుల్లో దూరిపోయారు, కొందరు సీట్లలోనే ముడుచుకున్నారు. నేను సంచీ భుజాన వేసుకుని నీ దీపాల వైపు నడిచాను.

1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారిలో తగిలిన ప్రతి మజిలీ గురించీ రాసుకుంటూ పోయాడు. ఇళ్ళెన్ని, అంగళ్ళున్నాయా, నీళ్ళు మంచివేనా, దిగడానికి చోటు వసతిగా ఉందా అని. గొప్ప క్షేత్రానికి ఇచ్చిన సిరానే చిన్న పల్లెకూ ఇచ్చాడు. తెలుగులో యాత్రా రచనకు దారి వేసిన ఆ పెద్దమనిషి నాకు నేర్పిన మర్యాద అది. అందుకే నీ సంగతి కూడా ఆయన పద్ధతిలోనే రాసుకుంటాను.

ఊరు మకువేని కౌంటీలోది, కంబా జనం నేల. ఊరంతా రోడ్డుకు అటూ ఇటూ బారులు తీరినదే. వరసగా పెట్రోలు బంకులు, టైర్లకు పంక్చర్లు వేసే కొట్లు, రేకుల కప్పు హోటళ్ళు, ఫోనులో డబ్బు పంపే ఎం-పెసా పచ్చ గూళ్ళు, మందుల షాపు, ప్రార్థన మందిరం, మళ్ళీ పెట్రోలు బంకు. రోడ్డు వెనక్కి పది బారలు నడిస్తే ఊరు అయిపోతుంది, ఆకాశం మొదలవుతుంది. మట్టి ఎరుపు. మామూలు ఎరుపు కాదు. పొద్దు గుంకాక కూడా లోపల ఏదో రగులుతున్నట్టుండే ఎరుపు. చెప్పులకు, గోడలకు, మేక పిల్లల బొచ్చుకు, సావో అడవిలో దొర్లే ఏనుగుల వీపులకు ఆ ఎరుపే. ఊరి చివర బావోబాబ్ చెట్లు, ఆకు లేక, నీడ లేక, లావాటి మొండేల మీద వేళ్ళలాంటి కొమ్మలు చాచి ఆకాశాన్ని ఏదో నిలదీస్తున్నట్టు నిలబడి ఉన్నాయి. ఎన్ని వందల ఏళ్ళ చెట్లో! బిడారులు పోవడం చూశాయి, పట్టాలు పరుచుకోవడం చూశాయి, తారు ఆరడం చూశాయి. ఏ ఒక్కదానికీ పక్కకు జరగలేదు.

నీళ్ళు మంచివేనా? వీరాస్వామయ్య అడిగే ప్రశ్నకు జవాబు పసుపురంగు ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంది. గుమ్మం గుమ్మానికీ అవే. నీళ్ళు కొనుక్కునే ఊరిది. ఆ సంగతి మళ్ళీ చెబుతాను.

*

రోడ్డు పక్క ఒక్క హోటల్లో మాత్రం పొయ్యి మీద పొగ కనబడింది. లోపల పది పన్నెండు బల్లలున్నాయి. ఆయిల్‌క్లాత్ మీద పూలు వెలిసిపోయి, ముంజేతులు ఆనే చోట తెల్లగా అరిగిపోయాయి. రెండు బల్లల దగ్గర తప్ప కుర్చీలన్నీ తిరగేసి బల్లల మీద పెట్టి ఉన్నాయి. గోడన ఎత్తుగా కట్టిన అలమరలో ఎర్రటి చాయ్ ఫ్లాస్కులు వరసగా నిలబడ్డాయి. వాటిలో ఒక్కదానికే మూత తీసిన తడి ఉంది. మిగతా వాటి భుజాల మీద రోడ్డు దుమ్ము మందంగా, మెత్తగా పేరుకుంది. వేలితో రాస్తే పేరు పడుతుంది.

హోటలు యజమానురాలికి అరవై దాటి ఉంటాయి. తలకు గుడ్డ, నడుముకు లెసో. నా సంచీ చూసి, నా మొహం చూసి, ఏమైందని అడగకుండానే "పోలే సానా" అంది, అయ్యో పాపం అన్నట్టు. వెచ్చటి గొంతు. ఉగాలీ ముద్ద, సన్నగా తరిగిన సుకుమా కూర, రెండు చపాతీలు, గ్లాసు నిండా పాలతో కాచిన చాయ్ తెచ్చి పెట్టింది. చపాతీ పొర పొరగా విడివడింది. ఆ చపాతీ, ఆ చాయ్ హిందూ మహాసముద్రం దాటి ఈ బల్ల మీదికి ఎలా వచ్చాయో ఊరి పాత రైలు పట్టాలనే అడగాలి.

"ఈ ఫ్లాస్కులన్నీ ఎప్పుడు వాడతారమ్మా?" అని అడిగాను.

"వాడేవాళ్ళం, నాయనా" అంది ఇంగ్లీషూ స్వాహిలీ కలిపి. "రాత్రి రెండింటికి కూడా ఇక్కడ కూర్చోడానికి చోటుండేది కాదు. బయట లారీలు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా. ఉగాండా వాళ్ళు, రువాండా వాళ్ళు, కాంగో పోయేవాళ్ళు. నలుగురు అమ్మాయిలు పనిచేసేవాళ్ళు. ఇప్పుడు నేనూ నా మనవరాలూ."

"ఏమైంది?"

ఆమె గడ్డం ఎత్తి చీకట్లోకి చూపించింది. అటువైపు, ఊరి ఇళ్ళకన్నా ఎత్తున, కొత్త రైలు కట్ట నల్లగా అడ్డంగా సాగిపోయి ఉంది.

2017 మే 31న మొంబాసా నుంచి నైరోబీకి కొత్త రైలు నడిచింది. చైనా కంపెనీ కట్టింది, చైనా బ్యాంకు అప్పిచ్చింది. ఖర్చు మూడున్నర వందల కోట్ల డాలర్ల పైమాట. పాత రైలు ఒక రాత్రంతా మూలుగుతూ ఈదే దారిని కొత్తది అయిదారు గంటల్లో మింగేస్తుంది. ఆ వైభవానికి అప్పు తీరాలంటే సరుకు కావాలి. సరుకు లారీలను వదిలి రైలెక్కాలి. 2019లో ఓడరేవులో దిగిన కంటైనర్లను రైలు మీదే నైరోబీకి పంపాలని సర్కారు ఉత్తర్వు వేసింది. మొంబాసాలో జనం వీధుల్లోకి వచ్చారు, లారీల వాళ్ళు గోల పెట్టారు, కోర్టుకెక్కారు. ఆ గోలలో నీ గొంతు వినబడలేదు మ్టీటో అండేయ్. ఒక గూడ్సు బండి దాదాపు నూరు లారీల సరుకు మోసుకుపోతుంది. నూరు లారీలంటే నూరు భోజనాలు, నూరు చాయ్‌లు, నూరు పక్కలు, ఎన్నో పంక్చర్లు. ఆ లెక్క ఉత్తర్వులో లేదు. 2022 సెప్టెంబరులో గద్దెనెక్కిన కొత్త అధ్యక్షుడు ఆ కట్టడి ఎత్తేశాడు. లారీలు కొన్ని మళ్ళీ కదిలాయి. కానీ తాళం పడిన కొట్టు తాళం తీయగానే తెరుచుకోదు. కూలికి పోయిన అమ్మాయి మళ్ళీ తట్ట పట్టుకుని రాదు. అలవాటు తప్పిన డ్రైవరు ఇంకో ఊళ్ళో ఇంకో బల్ల వెతుక్కుని ఉంటాడు.

పెళ్ళివారు వెళ్ళిపోయిన విడిది ఇల్లులా ఉన్నావు నువ్వు. పందిరి రాటలున్నాయి, పొయ్యిల మసి ఉంది, ఇంకా ఎవరో పిలుస్తారేమోనని తలుపు దగ్గర నిలబడ్డ ముసలమ్మ ఉంది. విడిది ఇంటికైనా అద్దె ముట్టి ఉంటుంది. నీకు ఏం ముట్టింది?

*

లాడ్జి గదిలో నీలం దోమతెర. కిటికీకి ఊచలు, ఊచలకు ఆవల ఎర్రమట్టి వాసన. నిద్ర రాలేదు. కునుకు పట్టే వేళకు నేల కొద్దిగా వణికింది. గాజు గ్లాసులో నీళ్ళు చిన్న చిన్న వలయాలుగా కదిలాయి. గూడ్సు వస్తోంది. ఆ చప్పుడు దూరాన పుట్టి, కట్ట మీదుగా ఎదిగి, నడినెత్తిన ఉరిమి, పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె, తెగని వాక్యంలా సాగి సాగి పడమటికి ఇంకిపోయింది. ఊపిరి తీసుకోడానికైనా ఆగలేదు. నీ రాత్రి మీదుగా ఎవరి బట్టలో, ఎవరి టీవీలో, ఎవరి ఎరువులో వెళ్ళిపోయాయి.

తెల్లవారకముందే లేచి పాత స్టేషను వైపు నడిచాను. మీటరు గేజి పట్టాలు. గుంటూరు నుంచి ద్రోణాచలం దాకా మా తాతల కాలంలో నడిచిన చిన్న బండి పట్టాల కొలతే ఇది. ఇండియాలోని ఇంజన్లు, పెట్టెలు ఇక్కడా నడిచేలా ఆంగ్లేయులు ఆ కొలతనే తెచ్చి పరిచారు. పట్టాల నడుమ గడ్డి మోకాలెత్తు పెరిగింది. చేత్తో తాకితే ఇనుము రాత్రి చలిని ఇంకా పట్టుకుని ఉంది. తుప్పు పొడిగా రాలి వేళ్ళకంటింది. మట్టి రంగే, తేడా తెలియదు. ఇనుము సైతం చివరికి ఈ నేల రంగుకే తిరిగి వస్తోంది.

ఈ పట్టాలు వేసింది మనవాళ్ళు. 1896లో మొంబాసాలో మొదలుపెట్టి, 1901 చివరికి విక్టోరియా సరస్సు ఒడ్డుకు చేర్చారు. ఇండియా నుంచి దాదాపు 32 వేల మంది కూలీలను ఓడల్లో తెచ్చారు. ఎక్కువమంది పంజాబు వాళ్ళు. తెలుగు కూలీలను మద్రాసు రేవు నుంచి 1860లోనే నాటాల్ చెరుకు తోటలకు ఎక్కించారు. పంజాబు కూలీలు కరాచీ రేవులో ఎక్కి ఇటు దిగారు. రేవు వేరు గాని కాగితం మీద వేసిన వేలిముద్ర ఒక్కటే, ఓడ అడుగున ఊపిరాడనితనం ఒక్కటే. ఈ పట్టాల కోసం చనిపోయినవాళ్ళు రెండున్నర వేల మందికి దగ్గర. మైలుకు నలుగురు చొప్పున. నాలుగు ప్రాణాలు పాతి ఒక మైలు ముందుకు, మళ్ళీ నాలుగు ప్రాణాలు, మళ్ళీ ఒక మైలు. జ్వరం కొందరిని, విరేచనాలు కొందరిని, రాళ్ళు పేల్చే మందు కొందరిని తిన్నాయి. ఇక్కడికి తూర్పుగా సావో నది వంతెన దగ్గర రెండు సింహాలు కొందరిని తిన్నాయి.

ఆ సింహాల కథ లోకానికి తెలుసు. 1898 డిసెంబరులో వాటిని కాల్చిన ఇంజనీరు ప్యాటర్సన్ పుస్తకం రాశాడు, సినిమాలు వచ్చాయి. ఆయన ఇంట్లో పాతికేళ్ళు నేల మీద తివాచీలుగా పడి ఉన్న ఆ తోళ్ళను షికాగోలోని ఫీల్డ్ మ్యూజియం 5 వేల డాలర్లకు కొని, గడ్డి కూరి, గాజు కళ్ళు పెట్టి నిలబెట్టింది. అవి ఎంతమందిని తిన్నాయో ఈ శతాబ్దంలో శాస్త్రవేత్తలు ఎముకల్లో, వెంట్రుకల్లో వెతికి దాదాపు 35 అని అంచనా కట్టారు. తిన్న సింహానికి అద్దాల మేడ, మీద దీపాల వెలుగు, చూడడానికి టికెట్టు. తినబడ్డ మనిషికి ఏదీ పేరు? జలంధరు దగ్గర ఏ పల్లెలోనో అతని తల్లి ఎన్నేళ్ళు వాకిట్లో నిలబడిందో! ఏ ఉత్తరమూ రాని ఎన్ని లోహ్రీ పండుగల మంటలు ఆమె కళ్ళ ముందు ఆరిపోయాయో! గడ్డి తల ఊపింది. పట్టాలు పలకలేదు.

*

పొద్దు పొడిచేవేళకు ఒక సంగతి బోధపడింది. అన్నీ నీ మీదుగానే వెళ్తాయి మ్టీటో అండేయ్. పాత రైలు వెళ్ళింది. కొత్త రైలు వెళ్తోంది. తారు రోడ్డు వెళ్తోంది. 1978 నుంచి మొంబాసా చమురు గొట్టంలో ఈ దారి పొడుగునా నైరోబీకి పారుతోంది. నీ తల మీద కరెంటు తీగలు గుయ్‌మంటూ రాజధానికి వెలుగు మోసుకెళ్తున్నాయి. అన్ని నాళాల్లోనూ ఏదో ఒకటి ప్రవహిస్తోంది. నీ దప్పిక నీ దగ్గరే ఉంది.

ఇప్పుడు నీళ్ళ సంగతి. నీకు పడమట నీలంగా కనబడేవి చ్యూలూ కొండలు. అగ్నిపర్వతాలు చల్లారి ఏర్పడ్డవి. వాటి మీద పడిన వాన నల్లటి లావా రాళ్ళ సందుల్లో ఇంకి, చీకట్లో నెమ్మదిగా వడగట్టుకుని, నీకు యాభై కిలోమీటర్ల లోపే మ్జీమా ఊటల్లో స్ఫటికంలా పైకి వస్తుంది. నీటిగుర్రాలు ఆ అద్దంలో మునకలేస్తాయి, చేపల నీడలు అడుగు ఇసుక మీద కనబడతాయి. ఆ నీళ్ళను 1950ల్లోనే గొట్టంలోకి ఎక్కించి రెండువందల కిలోమీటర్ల అవతలి మొంబాసాకు పంపారు. మొంబాసా దాహం తీరాలి, కాదనను. కానీ ఊట దగ్గరి నేల నోరు తెరుచుకుని ఉండగా ఊట సముద్రపు ఒడ్డుకు పోవడం ఏం న్యాయం? గుమ్మాల ముందు ఆ పసుపు డబ్బాలు అడుగుతున్న ప్రశ్న ఇదే.

ఊరి పక్కనే సావో వెస్ట్ గేటు. 1948లో ఈ అడవిని నేషనల్ పార్కు చేశారు. అంతకుముందు ఇక్కడ విల్లంబులతో వేటాడి బతికిన వాతా జనం ఒక్క రోజులో దొంగలయ్యారు. 1950ల చివర వాళ్ళలో ఎందరినో పట్టి జైళ్ళకు పంపారు. ఏనుగును కాపాడడం ధర్మమే. ఏనుగు పక్కన తరతరాలుగా బతికినవాణ్ణి అడవిలోంచి తోసేసి, అదే గేటులోంచి కెమెరావాణ్ణి లోపలికి సాగనంపడం మరో రకం వేట. 2022 కరువులో కెన్యాలో 205 ఏనుగులు చచ్చిపోయాయని సర్కారు లెక్క తీసింది. మంచిది, ఏనుగుకు లెక్క ఉండాలి. అదే కరువులో మేక చచ్చిన కంబా రైతుకు, గిరాకీ చచ్చిన చాయ్ కొట్టుకు ఎవరు లెక్క తీశారు? తెల్లటి సఫారీ జీపులు గేటు వైపు మలుపు తిరుగుతాయి. వాటిలో కూర్చున్నవాళ్ళ భోజనం అడవి లోపలి లాడ్జీల్లో ముందే సిద్ధంగా ఉంటుంది. నీ పొయ్యి పొగ వాళ్ళ అద్దాలకు అంటదు.

*

ఇంకో దుఃఖం ఉంది. దాన్ని గొంతు తగ్గించి చెప్పుకుంటారు. మొంబాసా నుంచి కంపాలా దాకా లారీలు నడిచిన ఈ దారే 1980ల్లో, 90ల్లో ఎయిడ్స్ నడిచిన దారి కూడా. నెలల తరబడి ఇల్లు వదిలిన డ్రైవర్లు, బిడ్డ బడి ఫీజు కోసం చీకట్లో నిలబడ్డ ఆడవాళ్ళు, అరువు తెచ్చుకున్న ఆ కాస్త వెచ్చదనానికి వాళ్ళు కట్టిన వడ్డీ ఎంత! 1999 నవంబరులో ఎయిడ్స్‌ను జాతీయ విపత్తుగా ప్రకటించారు. అప్పటికే ఈ దారి పొడుగునా నాయనమ్మల చేతుల్లో మనవలు మిగిలారు. లారీలు ఆగే ఊళ్ళన్నింటికీ చెడ్డపేరు వచ్చింది. ఆగిన లారీలకు రాలేదు, వాటిని అన్ని రోజులు రేవులో, తూనిక కాటా దగ్గర, సరిహద్దులో నిలబెట్టిన కాగితాలకు రాలేదు. మందులు వచ్చాయి, బతుకులు నిలిచాయి. పోయినవాళ్ళు మాత్రం ఊరి వెనక ఎర్రమట్టిలో, ఆకులేని బావోబాబ్ కింద, ఏ మైలురాయీ లేకుండా ఉన్నారు.

రాత్రి నాకు ఉగాలీ పెట్టిన అమ్మకు కూతురు లేదు, మనవరాలుంది. ఎందుకని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. చాయ్ మాత్రం ఇంకో గ్లాసు పోసింది, దానికి డబ్బు తీసుకోలేదు.

*

ఇదంతా చదివి పాత రైలే ఉండాలని, కొత్తది వద్దని అంటున్నానని అనుకోకండి. అయిదు గంటల్లో సముద్రం చేరే పిల్లల ఆనందం నాకు కనబడుతూనే ఉంది. లారీ తక్కువైతే రోడ్డు మీద చావులూ తక్కువవుతాయి. ఊరు ఉన్నచోటనే గడ్డకట్టుకుపోవాలని ఎవరూ కోరరు. ఆ ఊరివాళ్ళు అసలే కోరరు. నా గోడు వేరు. వేగానికి మనం డబ్బులో కట్టిన ధర అందరికీ తెలుసు. మజిలీలు కట్టిన ధర ఎవరూ తెలుసుకోలేదు. దారి వేయించినవాడికి పేరుంది, అప్పిచ్చినవాడికి పత్రం ఉంది, సింహానికి మ్యూజియం ఉంది, ఏనుగుకు లెక్క ఉంది. దారిలో పొయ్యి వెలిగించి ఎదురు చూసినవాళ్ళకు ఏ చిట్టాలోనూ ఒక గీత లేదు. ఆ గీత లేకపోవడమే నా ఏడుపు.

ఒక్కచోట మాత్రం ఈ దారి బాకీ తీర్చుకుంది. ఇక్కడి నుంచి నైరోబీ వైపు వెళ్తే మకిండు అనే ఊళ్ళో సిక్కు గురుద్వారా ఉంది. పట్టాలు వేయడానికి వచ్చి నిలిచిపోయిన సిక్కులు 1926లో కట్టారు. జాతి, మతం అడగకుండా ఎవరు వచ్చినా అక్కడ అన్నం పెడతారు, పక్క చూపిస్తారు, పైసా అడగరు. లారీ డ్రైవరు, బస్సు ప్రయాణికుడు, కంబా ముసలమ్మ, మొంబాసా వ్యాపారి ఒకే వరసలో కూర్చుని తింటారు. మైలుకు నలుగురిని పోగొట్టుకున్నవాళ్ళు దారి మీద పగ పట్టలేదు, దారినపోయేవాళ్ళకు అన్నం పెట్టారు. చనిపోయిన కూలీలకు ఇంతకన్నా మంచి సమాధి ఇంకెక్కడా లేదు. దారిని దోచుకోకుండా దారికి తిరిగి ఇవ్వడం ఎలాగో ఆ వంటశాల చూపిస్తుంది. సర్కార్లకు తోచనిది గరిటె పట్టిన చేతికి తోచింది.

ఎండ ఎక్కాక మాకు వేరే బస్సు వచ్చింది. ఎక్కాను. అందరిలాగే వెళ్ళిపోయాను. ఈ రాతను నా ప్రాయశ్చిత్తం అనను. ఏడుపు ఎవరి కడుపూ నింపదు, ముసలమ్మ ఫ్లాస్కుల మీది దుమ్ము తుడవదు. ఆ దుమ్ము పోవాలంటే మనుషులు ఆగాలి.

అందుకే ఈ మాట మీకోసం. నైరోబీలో, మొంబాసాలో మన తెలుగువాళ్ళున్నారు. సింహాలను చూద్దామని, సముద్రం చూద్దామని మన నేల నుంచి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. మీరు ఆ దారిన వెళ్తే ఎక్కడా ఆగని బండి ఎక్కకండి. లాడ్జివాళ్ళు కట్టిచ్చిన భోజనం పొట్లం పక్కన పెట్టండి. రేకుల కప్పు కింద, అరిగిపోయిన ఆయిల్‌క్లాత్ ముందు కూర్చుని చాయ్ అడగండి. బేరం ఆడకండి. పోసినావిడ పేరు అడిగి, ఆ పేరుతోనే పిలవండి. ఇంటికి వచ్చాక సింహం ఫొటో చూపించేటప్పుడు ఆ పేరు కూడా చెప్పండి. ఉదయం చిన్న స్టేషన్లలో ఆగుతూ వెళ్ళే బండి ఒకటుంది. అది మ్టీటో అండేయ్‌లో ఆగుతుంది. అక్కడ దిగండి.